యజమాని కుర్చీలో అభిమాని

అమెరికాలో ఏప్రిల్ నెల వచ్చిందంటే లక్షలాదిమంది తమది కాని ఉద్యోగం ఒకటి జీతం లేకుండా చేస్తారు. జాతీయ ఫుట్‌బాల్ లీగ్‌లో తాము అభిమానించే జట్టు ఏ కళాశాల ఆటగాణ్ణి ఏ రౌండులో తీసుకోవాలి, ఎవరిని వదిలేయాలి, తన వంతును మరో జట్టుకు ఇచ్చి బదులుగా ఏం రాబట్టాలి అని ఆలోచించి జాబితాలు రాస్తారు. వాటిని మాక్ డ్రాఫ్టులు అంటారు. ఆ జాబితాను యాజమాన్యం చదవదని రాసేవారికి తెలుసు. చదివినా పాటించదని ఇంకా బాగా తెలుసు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న మన సామెత వీరిని చూసే పుట్టిందేమో అనిపిస్తుంది.

కాలక్షేపమే కదా అని దీన్ని వదిలేయవచ్చు. జాతీయ రాజకీయాల గురించి రాసే ఈ చోట దీని ప్రస్తావన ఎందుకని అడగవచ్చు కూడా. కారణం ఉంది. మనిషికి అధికారం లేని విషయాల్లో అతనిచేత ఎడతెగకుండా ఎంపికలు చేయించి, అతనికి నిజంగా హక్కు ఉన్న విషయాలను అతని కంటికి ఆనకుండా దాటించడం మన కాలపు పాలనావిద్యల్లో ముఖ్యమైనది. ఆ విద్య ఎలా పనిచేస్తుందో తేటగా చూడాలంటే ఒక జట్టు, ఒక నగరం, ఒక అభిమాని రాసుకునే ఏడు రౌండ్ల జాబితా చాలు. జట్టు క్లీవ్‌లాండ్ బ్రౌన్స్. నగరం ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్. 1978 నుంచి త్యాగరాజ ఆరాధనోత్సవాలు జరుగుతున్న ఊరుగా ఆ పేరు తెలుగువారికి కొత్తది కాదు. ఈస్టర్ రోజుల్లో అక్కడ పంచరత్న కీర్తనలు వినిపించే కాలంలోనే ఊళ్ళో మిగతా జనం డ్రాఫ్టు లెక్కల్లో తలమునకలై ఉంటారు.

ముందు పద్ధతి ఏమిటో చెప్పుకుందాం. లీగ్‌లో 32 జట్లు ఉన్నాయి. ఏటా ఏప్రిల్‌లో ఏడు రౌండ్లలో కళాశాల ఆటగాళ్ళను పంచుకుంటాయి. గత సీజన్‌లో అందరికన్నా ఎక్కువ ఓడిన జట్టుకు మొదటి వంతు, ఛాంపియన్‌కు రౌండులో ఆఖరి వంతు. ఒక జట్టు ఒక కుర్రవాడి పేరు పిలిచిందంటే అతడు లీగ్‌లో ఇంకే జట్టుతోనూ ఒప్పందం మాట్లాడుకోరాదు. ఇష్టం లేకపోతే ఏడాదిపాటు ఆట మానుకుని ఇంట్లో కూర్చోవాలి. 2025లో ఇలా 257 మందిని పంచుకున్నారు. యుద్ధకాలంలో యువకులను నిర్బంధంగా సైన్యంలోకి తీసుకునే పద్ధతికీ అమెరికన్లు ఇదే పేరు వాడతారు. ఆ సారూప్యం యాదృచ్ఛికమే కావచ్చు, కాని పేరు అబద్ధం చెప్పడం లేదు.

2025లో బ్రౌన్స్‌కు రెండో వంతు దక్కింది. అభిమానుల జాబితాల్లో కొందరు కొలరాడో విశ్వవిద్యాలయానికి చెందిన ట్రావిస్ హంటర్‌ను, కొందరు పెన్ స్టేట్ ఆటగాడు అబ్దుల్ కార్టర్‌ను రాశారు. కొలరాడో క్వార్టర్‌బ్యాక్ షెడూర్ శాండర్స్ పేరు రాసినవారూ ఉన్నారు. జట్టు ఆ రెండో వంతును జాక్సన్‌విల్‌కు ఇచ్చేసింది. బదులుగా ఐదో వంతునూ, మరుసటి ఏటి మొదటి రౌండు వంతునూ, ఇంకొన్నింటినీ పుచ్చుకుంది. ఐదో వంతులో మిషిగన్‌కు చెందిన మేసన్ గ్రాహమ్‌ను తీసుకుంది. శాండర్స్ ఐదో రౌండు దాకా ఎవరికీ అక్కరలేకుండా పోయి, చివరికి 144వ పేరుగా అదే బ్రౌన్స్ చేతిలో పడ్డాడు. మొదటి రౌండులో అతని పేరు రాకపోయేసరికి దేశాధ్యక్షుడు ట్రంప్ సైతం జట్ల యజమానులు మూర్ఖులా అని బహిరంగంగా నిలదీశారు. అంటే దేశంలోకెల్లా శక్తిమంతుడైన మనిషి కూడా ఆ రాత్రి ఒక మాక్ డ్రాఫ్టు అభిమానిగానే మాట్లాడాడు. యజమానులు తెలివిగా ఎంచుకున్నారా లేదా అన్నదే ఆయన ప్రశ్న. ఇరవయ్యేళ్ళు దాటిన ఒక పౌరుడు తన యజమానిని తాను ఎందుకు ఎంచుకోరాదు అన్న ప్రశ్న ఆయనకూ తట్టలేదు, ఆయనను మెచ్చిన వారికీ తిట్టిన వారికీ తట్టలేదు. నా అభ్యంతరం సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది.

ఈ పద్ధతి పుట్టుకను చూడండి. 1935 సీజన్‌లో ఫిలడెల్ఫియా ఈగిల్స్ పదకొండు ఆటలాడి తొమ్మిది ఓడింది. మంచి ఆటగాళ్ళు తన జట్టుకు రావడం లేదని విసిగిన ఆ జట్టు యజమాని బర్ట్ బెల్ ఈ ఏర్పాటును ప్రతిపాదించాడు. 1936 ఫిబ్రవరి 8న ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్లో తొమ్మిది జట్ల వారు కూర్చుని తొమ్మిది రౌండ్లలో 81 మందిని పంచుకున్నారు. మొట్టమొదటి పేరు షికాగో విశ్వవిద్యాలయపు జే బెర్వాంగర్. ఈగిల్స్ అతనిపై తన హక్కును షికాగో బేర్స్‌కు ఇచ్చేసింది. అతడు అడిగిన జీతం బేర్స్ యజమాని ఇవ్వలేదు. బెర్వాంగర్ ఆట వదిలి వేరే ఉద్యోగం చూసుకున్నాడు. చరిత్రలో తొలి ఎంపిక లీగ్‌లో ఒక్క ఆటైనా ఆడకుండానే ముగిసింది. ఇంకో జట్టు గుమ్మం తొక్కే హక్కు ఉండి ఉంటే కథ వేరుగా నడిచేదేమో. ఆ హక్కు లేకుండా చేయడమే ఈ ఏర్పాటు ప్రయోజనం.

పోటీ ఉంటే ఏమవుతుందో 1960ల్లో తేలింది. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అనే రెండో లీగ్ అప్పుడు రంగంలో ఉంది. 1965లో జో నేమత్ కోసం రెండు లీగులూ పోటీపడ్డాయి. న్యూయార్క్ జెట్స్ అతనికి 4,27,000 డాలర్ల ఒప్పందం ఇచ్చింది. ఆ రోజుల్లో అది కళ్ళు తిరిగే మొత్తం. మరుసటి ఏడాదికే రెండు లీగులూ రాజీకి వచ్చి విలీనం ప్రకటించాయి, 1967 నుంచి ఉమ్మడి డ్రాఫ్టు మొదలైంది. ఆటగాడి ముందు ఉన్న రెండు తలుపుల్లో ఒకటి మూసుకుపోయింది. ఈ విలీనానికి గుత్తాధిపత్య నిరోధక చట్టం అడ్డు రాకుండా 1966లో అమెరికా కాంగ్రెస్ ప్రత్యేక మినహాయింపు ఇచ్చింది. దాన్ని సభల్లో దాటించడంలో ముందున్నవారు లూసియానాకు చెందిన సెనేటర్ రస్సెల్ లాంగ్, ప్రతినిధుల సభ సభ్యుడు హేల్ బోగ్స్. కొద్ది రోజుల్లోనే లూసియానాలోని న్యూ ఆర్లియన్స్ నగరానికి కొత్త జట్టు మంజూరైంది. ఓటుకు ప్రాజెక్టు అన్న లెక్క మన పార్లమెంటు కనిపెట్టిందని ఎవరైనా అనుకుంటూ ఉంటే ఈ ఉదంతం చదువుకోవాలి.

న్యాయస్థానాలు ఊరుకోలేదు. 1968లో వాషింగ్టన్ జట్టు మొదటి రౌండులో తీసుకున్న జేమ్స్ స్మిత్ తొలి సీజన్ ఆఖరి ఆటలో మెడకు గాయమై ఆటకే దూరమయ్యాడు. డ్రాఫ్టు లేకపోతే తనకు న్యాయమైన ఒప్పందం దొరికేదని దావా వేశాడు. 1978లో అప్పీలు కోర్టు అతని పక్షాన నిలిచి, నాటి డ్రాఫ్టు పోటీని హరించేదేనని తేల్చింది. కాని అప్పటికే, 1977లో, ఆటగాళ్ళ సంఘం యజమానులతో చేసుకున్న సమష్టి ఒప్పందంలో డ్రాఫ్టుకు ఒప్పుకుంది. కార్మిక సంఘం సమ్మతించిన నిబంధనకు గుత్తాధిపత్య నిరోధక చట్టం వర్తించదన్న సూత్రం లీగ్‌కు రక్షణ కవచమైంది. 2004లో ఒహాయో స్టేట్ కుర్రవాడు మారిస్ క్లారెట్ మరో కోణంలో ప్రయత్నించాడు. పాఠశాల ముగించి మూడేళ్ళు గడిస్తేగాని డ్రాఫ్టుకు అర్హత లేదన్న నిబంధనను సవాలు చేసి జిల్లా కోర్టులో గెలిచాడు, అప్పీలులో ఓడిపోయాడు. సంఘంలో ఇంకా సభ్యులే కాని కుర్రవాళ్ళ మెడకు సభ్యులైన పెద్దలు సంతకం చేసిన ఒప్పందం చుట్టుకుంది. ఎవరి సమ్మతితో ఎవరిని బంధించారో గమనించండి.

ఆ బంధం ఖరీదు ఎంతో లెక్క ఉంది. 2010లో మొదటి వంతులో వెళ్ళిన సామ్ బ్రాడ్‌ఫర్డ్ ఒప్పందం ఆరేళ్ళకు 7.8 కోట్ల డాలర్లు. 2011లో కొత్త సమష్టి ఒప్పందం కొత్తవారి జీతాలకు స్థిరమైన పట్టిక పెట్టింది. ఆ ఏడాది మొదటి వంతులో వెళ్ళిన కామ్ న్యూటన్‌కు దక్కింది నాలుగేళ్ళకు 2.2 కోట్లు. నిరుడు ఇలాంటి వాడికి ఏడాదికి సగటున 1.3 కోట్లు, ఈసారి 55 లక్షలు. నేటికీ కొత్తవారి ఒప్పందం నాలుగేళ్ళు, మొదటి రౌండు వారికి ఐదో ఏడు జట్టు ఇష్టం. ఆటగాళ్ళ సంఘం లెక్క ప్రకారం ఈ ఆటలో సగటు క్రీడాజీవితం మూడేళ్ళకు కాస్త ఎక్కువ. అంటే తన ధర తాను బజారులో అడిగే రోజు రాకముందే సగటు ఆటగాడి మోకాళ్ళో మెదడో దెబ్బతిని ఆట ముగుస్తుంది.

దీన్ని బానిసల సంతతో పోల్చేవారున్నారు. ఆటగాళ్ళలో సగానికి పైగా నల్లజాతీయులు, యజమానుల్లో దాదాపు అందరూ తెల్లవారు కావడం, డ్రాఫ్టుకు ముందు ఇండియానాపోలిస్‌లో కుర్రవాళ్ళ ఎత్తూ బరువూ చేతుల పొడవూ అరచేతి వెడల్పూ కొలవడం ఆ పోలికకు ఊతమిస్తాయి. నాకు ఆ పోలిక సమ్మతం కాదు. లక్షల డాలర్లు సంపాదించే స్వేచ్ఛాజీవులను బానిసలనడం నిజమైన బానిసల వేదనను చులకన చేస్తుంది. అంతమాత్రాన ఇక్కడ అన్యాయం లేదనీ కాదు. ఎక్కువ సంపాదించే కార్మికుడు కూడా కార్మికుడే. అతని శ్రమకు ధర కట్టేది ఒక్క కొనుగోలుదారే అయితే ఆ ధర అన్యాయమైనదే.

ఇప్పుడు మన అభిమాని జాబితా దగ్గరకు తిరిగి వద్దాం. అందులోని భాష వినండి. ఫలానా కుర్రవాడు ‘విలువైన ఆస్తి’. నాలుగో రౌండులో దొరికితే ‘చవక బేరం’. క్వార్టర్‌బ్యాక్ కొత్త ఒప్పందం అడిగేలోగా ‘తక్కువ జీతపు కిటికీ’ వాడుకోవాలి. గాయాల చరిత్ర ఉన్నవాణ్ణి ‘ధర తగ్గాక’ తీసుకోవాలి. ఇలా రాసేవాడు గిడ్డంగి కార్మికుడు కావచ్చు, నర్సు కావచ్చు, బడిపంతులు కావచ్చు. తన సొంత జీవితంలో జీతం పెంచమని అడిగితే యాజమాన్యం ఏ మాటలు అంటుందో అవే మాటలు ఇక్కడ తానే ఆనందంగా రాస్తున్నాడు. ఆ ‘చవక’లో మిగిలే సొమ్ము ఎవరి జేబులోకి వెళుతుందో అతడు అడగడు. టికెట్టు ధర తగ్గదు, బీరు ధర తగ్గదు, జెర్సీ ధర తగ్గదు.

ఒహాయోలో స్థిరపడి బ్రౌన్స్ చొక్కా తొడుక్కున్న తెలుగు ఇంజనీరుకు ఇది అందరికన్నా ముందు అర్థం కావాలి. గ్రీన్‌కార్డు దరఖాస్తు కంపెనీ పేరుమీద నడుస్తూ, ఏళ్ళ తరబడి వరుసలో నిలబడి, ఉద్యోగం మారాలంటే వెయ్యిసార్లు ఆలోచించే మనిషికి యజమానిని ఎంచుకునే హక్కు విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. అయినా ఏప్రిల్ వస్తే ఆ మనిషీ కుర్రవాళ్ళ ఒప్పందాల్లో చవక వెతుకుతాడు. యజమాని కుర్చీలో కాసేపు కూర్చోబెడితే చాలు, మన కష్టం మనకే పరాయిదై కనిపిస్తుంది.

దీనికి వచ్చే మొదటి సమాధానం సమానత్వం. డ్రాఫ్టు లేకపోతే న్యూయార్క్, డాలస్ వంటి సంపన్న జట్లే మంచివాళ్ళందరినీ కొనేస్తాయి, క్లీవ్‌లాండ్ వంటి ఊళ్ళు ఎప్పటికీ లేవలేవు అంటారు. వినడానికి బాగుంది. కాని ఈ లీగ్‌లో టీవీ హక్కుల జాతీయ ఆదాయాన్ని జట్లన్నీ సమానంగా పంచుకుంటాయి. 1994 నుంచి ఒక జట్టు మొత్తం జీతాలపై ఖర్చు పెట్టగల సొమ్ముకు గరిష్ఠ పరిమితి ఉంది. డబ్బున్న జట్టు అందరినీ కొనేయకుండా ఆపుతున్నవి ఈ రెండూ. డ్రాఫ్టు అదనంగా చేసేది ఒక్కటే, కొత్తవాడి ధర తగ్గించడం. పైగా, బీదవాణ్ణి పైకి లేపుతుందంటున్న ఈ మందు క్లీవ్‌లాండ్‌కు తాగించినంతగా ఇంకెవరికీ తాగించలేదు. 1999లో మొదటి వంతు, 2000లో మొదటి వంతు, 2017లో మొదటి వంతు, 2018లో మొదటి వంతు. బ్రౌన్స్ ఆఖరి ఛాంపియన్‌షిప్ 1964 నాటిది. 2016లో పదహారు ఆటల్లో ఒకటి గెలిచింది, 2017లో అదీ లేదు. 2018 జనవరిలో గడ్డకట్టే చలిలో అభిమానులు స్టేడియం చుట్టూ ‘పరిపూర్ణ సీజన్’ ఊరేగింపు తీశారు. ఆ వ్యంగ్యంలో ఉన్న రాజకీయ చైతన్యం నూరు మాక్ డ్రాఫ్టుల్లో లేదు.

ఓటమికి బహుమతి ఇచ్చే పద్ధతి ఓడే యజమానిని శిక్షించదు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో అట్టడుగున మిగిలిన క్లబ్బు కింది శ్రేణికి పడిపోతుంది, ఆదాయం కోల్పోతుంది. ఇక్కడ పడిపోవడం లేదు. ఒక్క ఆటా గెలవని యజమానికి టీవీ వాటా తగ్గదు, జట్టు విలువ తగ్గదు, ఏప్రిల్‌లో మొదటి వంతు మాత్రం వస్తుంది. ఆ వంతులతో ఏం చేశారో కూడా చూడండి. 2017లో బ్రౌన్స్ తన 12వ వంతును హ్యూస్టన్‌కు ఇచ్చేసింది. హ్యూస్టన్ దానితో డిషాన్ వాట్సన్‌ను తీసుకుంది. 2022లో అదే వాట్సన్ కోసం అదే హ్యూస్టన్‌కు బ్రౌన్స్ మూడేళ్ళ మొదటి రౌండు వంతులు సమర్పించి, ఐదేళ్ళకు 23 కోట్ల డాలర్లు పూర్తి హామీతో రాసిచ్చింది. ఆ నాటికి ఇరవై మందికి పైగా మహిళలు అతనిపై లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణలతో సివిల్ దావాలు వేసి ఉన్నారు. అతడు ఖండించాడు, గ్రాండ్ జ్యూరీలు నేరారోపణ మోపలేదు. కాని లీగ్ 11 ఆటల నిషేధం, 50 లక్షల డాలర్ల జరిమానా విధించింది. ఏ అభిమానీ తన జాబితాలో ఇంత పొరపాటు చేసి ఉండడు. చేసినా నష్టం ఉండేది కాదు. ఈ నిర్ణయం తీసుకున్న యజమాని మాత్రం ఇప్పటికీ యజమానే.

జాబితాలు రాస్తూ ఉండగా చేతుల్లోంచి జారిపోయినదేమిటో ఇప్పుడు చెప్పాలి. 1995 నవంబరు 6న నాటి యజమాని ఆర్ట్ మోడెల్ జట్టును బాల్టిమోర్‌కు తరలిస్తున్నట్టు ప్రకటించాడు. మర్నాడే కయహోగా కౌంటీ ఓటర్లు మద్యం, పొగాకులపై పన్ను కొనసాగించి అదే జట్టు స్టేడియాన్ని బాగుచేసేందుకు భారీ ఆధిక్యంతో ఓటు వేశారు. జట్టు నిలవలేదు. 1996 ఏప్రిల్‌లో బాల్టిమోర్‌లో జొనాథన్ ఆగ్డెన్, రే లూయిస్ అనే ఇద్దరిని తీసుకుని, ఐదేళ్ళు తిరగకముందే ఛాంపియన్ అయింది. క్లీవ్‌లాండ్‌కు మిగిలింది పేరూ రంగులూ. ప్రజాధనంతో కొత్త స్టేడియం కట్టాక 1999లో కొత్త జట్టు వచ్చింది. 2014లో ఆ పాపపు పన్నును ఓటర్లు మరో ఇరవయ్యేళ్ళు పొడిగించారు.

ఆ గాయం నుంచి ఒహాయో ఒక మంచి చట్టం సంపాదించుకుంది. 1996లో వచ్చిన ఆ చట్టాన్ని మోడెల్ చట్టం అంటారు. ప్రజాధనంతో నడిచే మైదానంలో ఆడే జట్టు తరలిపోవాలంటే ఆరు నెలల ముందు తాఖీదు ఇవ్వాలి, స్థానికులకు కొనే అవకాశం ఇవ్వాలి. 2018లో కొలంబస్ క్రూ అనే సాకర్ జట్టును టెక్సస్‌కు తరలించబోతే రాష్ట్ర అటార్నీ జనరల్ మైక్ డివైన్ ఈ చట్టం కిందే దావా వేశారు. జట్టు నిలిచింది. దాన్ని కొన్నవారిలో ముఖ్యులు బ్రౌన్స్ యజమానులైన హాస్లమ్ కుటుంబం.

2025కు రండి. అదే హాస్లమ్ కుటుంబం బ్రౌన్స్‌ను క్లీవ్‌లాండ్ నగరం దాటించి శివారు పట్టణం బ్రూక్ పార్క్‌కు తీసుకుపోతామంది. 240 కోట్ల డాలర్ల పైకప్పు స్టేడియం, అందులో సగం దాకా ప్రజాధనం. క్లీవ్‌లాండ్ నగరం మోడెల్ చట్టాన్ని ఆశ్రయించింది. జూన్ ఆఖరులో రాష్ట్ర బడ్జెట్‌పై సంతకమైంది. అందులో స్టేడియానికి 60 కోట్ల డాలర్లు ఉన్నాయి. రాష్ట్రం దాటి వెళ్ళే జట్లకే మోడెల్ చట్టం వర్తిస్తుందన్న సవరణా ఉంది. సంతకం చేసిన గవర్నర్ ఎవరో కాదు, ఏడేళ్ళ కిందట అదే చట్టం పట్టుకుని కోర్టుకెక్కిన మైక్ డివైన్. కంచే చేను మేయడమంటే ఇదే. ఆ అక్టోబరులో నగరం దాదాపు 10 కోట్ల డాలర్లకు రాజీ పడింది.

ఆ 60 కోట్లు ఎక్కడివంటే, ఎవరూ అడగని సొమ్ము. మరచిపోయిన బ్యాంకు ఖాతాలు, మార్చుకోని చెక్కులు, వెనక్కి తీసుకోని డిపాజిట్లు రాష్ట్రం దగ్గర పోగుపడి ఉంటాయి. అవి ప్రభుత్వం సొమ్ము కాదు, ప్రజల సొంత సొమ్మని వాదిస్తూ దావా పడింది. మన దగ్గర పదేళ్ళు ఎవరూ అడగని బ్యాంకు డిపాజిట్లు రిజర్వు బ్యాంకు 2014లో పెట్టిన నిధికి చేరతాయి. వారసులు వెతుక్కోవడానికి 2023లో ఉద్గమ్ పోర్టల్ కూడా తెరిచారు. ఆ నిధిలోంచి ఒక ఐపీఎల్ యజమానికి స్టేడియం కట్టిస్తామని రేపు ఎవరైనా బడ్జెట్‌లో ఒక పేరా చేరిస్తే మనం ఏమంటాం? అత్త సొమ్ము అల్లుడు దానం అంటాం. ఒహాయోలో ఆ దానంపై ప్రజలను ఓటు అడగలేదు. రెండో వంతులో ఎవరిని తీసుకోవాలన్న ప్రశ్నకు క్లీవ్‌లాండ్‌లో ప్రతి మనిషి దగ్గరా సమాధానం ఉంది. 60 కోట్లు ఇవ్వాలా వద్దా అన్న ప్రశ్న మాత్రం ఆ మనిషి దాకా రాలేదు.

ఈ భాష మన ఉపఖండానికీ వచ్చేసింది. పాకిస్తాన్ సూపర్ లీగ్ 2016లో డ్రాఫ్టు పద్ధతితోనే మొదలైంది. ఐపీఎల్ వేలంలో కనీసం ఒకరికి ఇద్దరు పాడుకుంటారు గనుక ధర పెరిగే వీలుంది, యజమానిని ఎంచుకునే వీలు అక్కడా లేదు. ఏ ఫ్రాంచైజీ పర్సులో ఎన్ని కోట్లు మిగిలాయో మన కుర్రవాళ్ళు నోటికి చెబుతారు. తమ ఊరి ఆస్పత్రికి బడ్జెట్‌లో ఎంత ఇచ్చారో అడిగితే చెప్పగలవారు ఎందరు? ఎన్నికల వేళ మన టీవీ చర్చలూ ఇంతే. ఏ నియోజకవర్గంలో ఏ సామాజిక వర్గానికి టికెట్టు ఇస్తే గెలుపు అని పౌరుడు అధిష్ఠానం కుర్చీలో కూర్చుని జాబితా రాస్తాడు. అభ్యర్థిని నియోజకవర్గంలోని పార్టీ సభ్యులు ఎందుకు ఎన్నుకోరాదన్న ప్రశ్న ఆ జాబితాలో ఏ రౌండులోనూ రాదు.

రెండో సమాధానం కూడా వినాలి. జనం కష్టపడి బతుకుతారు, ఏడాదికోసారి సరదాగా జాబితా రాసుకుంటే దానిమీద ఇంత దండెత్తాలా అని. సరదాపై నాకు ద్వేషం లేదు. నిజానికి మంచి మాక్ డ్రాఫ్టు వెనక ఉన్న శ్రమను చూస్తే గౌరవమే కలుగుతుంది. వందలమంది కుర్రవాళ్ళ ఆట చూసి, గాయాలు తెలుసుకుని, జీతాల పరిమితి నిబంధనలు కంఠస్థం చేసి, ఇతర జట్ల అవసరాలు బేరీజు వేసే మనిషి మూర్ఖుడు కాడు. అలాంటి మనిషికి లీజు పత్రం చదవడం కష్టం కాదు, మున్సిపల్ బాండు లెక్క అర్థం కాకపోవడం ఉండదు. నా ఫిర్యాదు ఆ తెలివి గురించి కాదు, దాన్ని ఎవరి పక్షాన నిలబెట్టారన్న దాని గురించి. తన పన్నుతో కట్టిన మైదానం విషయంలో ప్రేక్షకుడిగా, తనకు రూపాయి వాటా లేని వ్యాపారంలో మేనేజరుగా అభిమానిని కూర్చోబెట్టారు. ఈ తారుమారును సరిచేయమంటున్నాను.

వేరే దారి లేదనేవారికి ఆ లీగ్‌లోనే జవాబుంది. 2025 డ్రాఫ్టు జరిగిన గ్రీన్ బే పట్టణం చిన్నది. దాని జట్టు ప్యాకర్స్ 1923 నుంచి ప్రజల వాటాలతో నడుస్తున్న లాభాపేక్ష లేని సంస్థ. ఐదు లక్షలకు పైగా వాటాదారులు ఉన్నారు, ఎవరికీ లాభంలో పంపకం లేదు. జట్టును ఊరు దాటించే ధనవంతుడూ లేడు. ఆ జట్టు ఛాంపియన్‌షిప్పులు గెలిచింది కూడా. ఇంత చక్కగా నడిచిన పద్ధతిని లీగ్ ఏం చేసింది? మరే జట్టూ అలా ఉండరాదని నిబంధన పెట్టుకుంది. మూడు రోజులపాటు లక్షలాది అభిమానులు ఆ పట్టణంలో నిలబడి తమ యజమానులు పిలిచే పేర్లకు కేకలు వేశారు. యజమాని లేని జట్టు ఊళ్ళో నిలబడి ఉన్నామన్న సంగతి ఎందరికి గుర్తొచ్చిందో!

క్లీవ్‌లాండ్ అభిమాని వచ్చే ఏప్రిల్‌లో జాబితా రాయకుండా ఉండడు, ఉండమనీ నేను అడగను. పైన నాలుగు వరుసలు ముందుగా రాయమంటాను. స్టేడియానికి ప్రజాధనం ఇవ్వాలంటే రాష్ట్రమైనా కౌంటీ అయినా ఓటు అడగాలి. మోడెల్ చట్టాన్ని మొదటి రూపంలో తిరిగి తేవాలి. ప్రజాధనం తీసుకున్న జట్టులో ప్రజలకు వాటా ఉండాలి, దానికి అడ్డున్న లీగ్ నిబంధన పోవాలి. కళాశాల ముగించిన కుర్రవాడు తనకు పని ఇస్తానన్న ఏ జట్టుతోనైనా మాట్లాడుకోగలగాలి, జీతాల పరిమితి ఎలాగూ ఉంది. ఈ నాలుగూ రాశాక మొదటి వంతులో ఎవరో, ఏడో రౌండులో ఎవరో హాయిగా వాదించుకోవచ్చు. ఎవరి పేరు రాసినా దాన్ని పాటించే బాధ్యత యాజమాన్యానికి లేదు. ఈ నాలుగింటికి మాత్రం బదులు చెప్పక తప్పని మనుషులు కొలంబస్‌లోని శాసనసభలో ఉన్నారు, వారికి ఎన్నికలూ ఉన్నాయి.